ఆకాశాన్ని చూడటం నుంచి కొలవడం దాకా: బడి పిల్లలకు అంతరిక్ష విజ్ఞానాన్ని పరిచయం చేసే విధానం

బడి పిల్లలకు అంతరిక్ష విజ్ఞానాన్ని పరిచయం చేయాలనుకునే ఉపాధ్యాయులు, ఖగోళ సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా ఒక్కరోజు కార్యక్రమాన్ని ఎంచుకుంటారు. ఉదయం ఉపన్యాసం, మధ్యాహ్నం రాకెట్ నమూనాల ప్రదర్శన, రాత్రి టెలిస్కోపు ముందు పొడవాటి వరుస ఉంటాయి. ఆ రోజు పిల్లలు నిజంగానే సంతోషిస్తారు. అయితే నెల తిరిగాక చంద్రుడు ఎందుకు పెరిగి తరుగుతాడని అడిగితే, వారిలో చాలామంది భూమి నీడ పడటం వల్లనే అని చెబుతారు. కార్యక్రమానికి ముందు కూడా వారు చెప్పిన సమాధానం అదే.

ఎన్నో కార్యక్రమాలు నడిపాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. అంతరిక్షాన్ని గురించి విన్న విద్యార్థి దాన్ని మరచిపోతాడు, దానిలో ఏదో ఒకదాన్ని తన చేతులతో కొలిచిన విద్యార్థి మరచిపోడు. అందువల్ల ఈ మార్గదర్శిలోని అడుగులన్నీ ఒకే లక్ష్యం వైపు సాగుతాయి. కార్యక్రమం ముగిసేసరికి ప్రతి విద్యార్థి నోటు పుస్తకంలో తాను స్వయంగా సాధించిన ఒక సంఖ్య, ఆ సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే ఒక వాక్యం ఉండాలి.

మొదటి అడుగు: బృందాన్ని, కాలాన్ని నిర్ణయించుకోవడం

పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య వయసున్న పాతిక ముప్పై మంది విద్యార్థులు, వారానికి ఒక సమావేశం చొప్పున పన్నెండు వారాలు: ఇది నిర్వహించడానికి వీలైన పరిమాణం. వందమందితో ఒక రోజు గడపడం కంటే ముప్పై మందితో పన్నెండు రోజులు గడపడం వల్ల కలిగే ప్రయోజనం ఎంతో ఎక్కువ. ఎంపికను మార్కుల ఆధారంగా చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. లెక్కల్లో వెనకబడిన పిల్లలే నీడలను అందరికంటే ఓపికగా కొలవడం నేను మళ్లీ మళ్లీ చూశాను. ఆడపిల్లలు సగానికి తగ్గకుండా చూడటం, ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లలు కూడా పూర్తిగా పాల్గొనేలా పనులను రూపొందించడం మొదటి రోజే తీసుకోవలసిన నిర్ణయాలు. రాత్రి సమావేశాలకు తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి, పిల్లలను ఇంటికి చేర్చే ఏర్పాటు, ఫొటోలు తీయడానికి విడిగా సమ్మతి ముందే సిద్ధం చేసుకోవాలి.

రెండవ అడుగు: పిల్లలు ఏమనుకుంటున్నారో ముందుగా తెలుసుకోవడం

మొదటి సమావేశంలో ఏమీ బోధించకూడదు. నాలుగు ప్రశ్నలు రాసి ఉన్న కాగితం ఇచ్చి, బొమ్మలతో సహా సమాధానాలు రాయమనాలి. చంద్రకళలు ఎందుకు ఏర్పడతాయి? వేసవి, చలికాలం ఎందుకు వస్తాయి? అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు ఎందుకు తేలుతారు? భూమిని ఇంత బంతి అనుకుంటే చంద్రుడు ఎంత ఉంటాడు, ఎంత దూరంలో ఉంటాడు? ఈ కాగితాలను దిద్దకుండా భద్రపరచాలి, ఎందుకంటే చివరి వారంలో వాటితో మళ్లీ పని ఉంది.

రుతువుల ప్రశ్నకు చాలామంది భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు వేసవి వస్తుందని రాస్తారు. దాన్ని వెంటనే తప్పని కొట్టివేయకుండా ఒక వాస్తవాన్ని వారి ముందుంచితే చాలు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, అప్పటి దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అతి దూరంగా వెళ్లేది జూలై మొదటి వారంలో, అప్పుడు సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. ఉత్తరార్ధగోళంలో జనవరి చలికాలం, అదే నెలలో దక్షిణార్ధగోళంలో వేసవి. దూరమే కారణమైతే రెండు చోట్లా ఒకే రుతువు ఉండాలి కదా అన్న ప్రశ్నను వారికే వదిలేయాలి. భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండటం గురించి చెప్పడానికి తర్వాత, నీడల పాఠంలో, తగిన సందర్భం వస్తుంది.

మూడవ అడుగు: చంద్రుడి దినచర్య

ఏ పరికరమూ అక్కరలేని ఈ పని మొత్తం కార్యక్రమానికి పునాది. ప్రతి విద్యార్థి ఒక నెలపాటు చంద్రుడిని చూసి, తేదీ, సమయం, ఆకారం, దిక్కు, దిగంతం నుంచి ఎత్తు నమోదు చేయాలి. ఎత్తును కొలవడానికి చేయే పరికరం. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు, చిటికెన వేలి వెడల్పు సుమారు ఒక డిగ్రీ. చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే కాబట్టి, ఉదయించే పౌర్ణమి చంద్రుడు ఎంత పెద్దగా కనిపించినా చిటికెన వేలితో పూర్తిగా కప్పేయవచ్చు. దీన్ని నమ్మని పిల్లలు ఆ రాత్రి ఇంటికి వెళ్లి తప్పకుండా చేసి చూస్తారు.

ప్రారంభించడానికి అమావాస్య తర్వాత రెండు మూడు రోజులకు, సాయంత్రం పడమర దిక్కున సన్నని నెలవంక కనిపించే రోజును ఎంచుకోవాలి. చంద్రోదయం సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక పౌర్ణమి దాటాక పిల్లలకు నిద్రవేళలోపు చంద్రుడు కనిపించడు, చాలా దినచర్యలు సరిగ్గా అక్కడే ఆగిపోతాయి. ఆ దశలో పరిశీలనను ఉదయానికి మార్చాలి. కృష్ణపక్షంలో బడికి వచ్చే వేళకు పడమటి ఆకాశంలో పగటి చంద్రుడు ఉంటాడని, అతడిని బడి ఆవరణలోంచే చూడవచ్చని పిల్లలకు చూపిస్తే చంద్రుడు రాత్రి మాత్రమే ఉంటాడన్న అపోహ కూడా అక్కడితో తొలగిపోతుంది.

నెల గడిచాక చీకటి గదిలో ఒక బల్బు వెలిగించి, ప్రతి విద్యార్థి చేతికి పుల్లకు గుచ్చిన తెల్లని బంతిని ఇచ్చి, చేయి చాచి తన చుట్టూ తాను తిరగమనాలి. తలే భూమి, బంతి చంద్రుడు, బల్బు సూర్యుడు. దినచర్యలో గీసిన ప్రతి ఆకారం ఆ బంతి మీద వరుసగా కనిపిస్తుంది, అష్టమి నాడు చంద్రుడు సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఎందుకున్నాడో శరీరానికే అర్థమవుతుంది. తిథి అన్నది చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరగడానికి పట్టే కాలమేనని ఇక్కడ చెబితే, పిల్లలు ఎప్పటినుంచో వింటున్న మాటకు లెక్క దొరుకుతుంది. ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదని ఎవరో ఒకరు అడిగి తీరతారు. చంద్రుడి కక్ష్య సుమారు ఐదు డిగ్రీలు వంగి ఉందని చెప్పి, బంతిని తల కంటే కొంచెం పైకి ఎత్తి తిరగమంటే జవాబు దొరుకుతుంది. ఈ పాఠాన్ని దినచర్యకు ముందు చేయిస్తే దాని బలం సగానికి తగ్గుతుంది కనుక క్రమాన్ని తారుమారు చేయకూడదు.

నాలుగవ అడుగు: ఒక కర్రతో భూమిని కొలవడం

క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో ఉంటూ భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడు. వేసవి అయనాంతం, అంటే ఏడాదిలో పగలు అతి పొడవైన రోజు నాటి మధ్యాహ్నం సైనీ నగరంలో నీడ పడలేదు, ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రియాలో మాత్రం సూర్యకిరణాలు 7.2 డిగ్రీల కోణంలో పడ్డాయి. 7.2 డిగ్రీలు పూర్తి వృత్తంలో యాభయ్యో వంతు కనుక రెండు నగరాల మధ్య దూరానికి యాభై రెట్లు భూమి చుట్టుకొలత అవుతుంది. ఈ కథను చెప్పి వదిలేయకుండా చేయించాలి. నా దృష్టిలో పన్నెండు వారాల్లో ఇంతకు మించిన పని లేదు.

దీనికి ఉత్తర దక్షిణాలుగా కనీసం మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో బడి సహకారం కావాలి. రెండు చోట్లా ఒకే రోజున, చదునైన నేలపై మీటరు పొడవు కర్రను నిట్టనిలువుగా నిలిపి, మధ్యాహ్నానికి ముప్పావు గంట ముందు నుంచి ముప్పావు గంట తర్వాత వరకు ప్రతి ఐదు నిమిషాలకూ నీడ కొనను గుర్తు పెట్టాలి. అతి చిన్న నీడ పడిన క్షణమే ఆ ఊరికి నిజమైన మధ్యాహ్నం, గడియారంలో పన్నెండు కొట్టడం కాదు. నీడ పొడవును కర్ర పొడవుతో భాగిస్తే కోణపు టాంజెంట్ వస్తుంది. ఇంకా త్రికోణమితి నేర్చుకోని పిల్లలు ఆ త్రిభుజాన్ని కాగితంపై తగ్గించి గీసి, కోణమానినితో కొలవవచ్చు.

ఉదాహరణకు రెండు బడుల మధ్య ఉత్తర దక్షిణ దూరం 444 కిలోమీటర్లు, కోణాల తేడా 4 డిగ్రీలు అనుకుందాం. 444ను 360తో గుణించి 4తో భాగిస్తే 39,960 కిలోమీటర్లు. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత సుమారు 40,008 కిలోమీటర్లు. అయితే కోణంలో ఒక్క డిగ్రీ పొరపాటు జరిగి 5 డిగ్రీలు వస్తే ఫలితం 31,968కి పడిపోతుంది, 3 వస్తే 53,280కి పెరుగుతుంది. ఈ రెండు సంఖ్యలను బోర్డు మీద పక్కపక్కన రాసి, పొరపాటు ప్రభావాన్ని తగ్గించాలంటే ఏం చేయాలని అడగాలి. మరింత దూరంలో ఉన్న బడిని ఎంచుకోవాలని, చాలాసార్లు కొలిచి సగటు తీయాలని, పొడవైన కర్ర వాడాలని వారే చెబుతారు. దోషం గురించి ఇలా ఆలోచించడమే విజ్ఞాన శాస్త్రంలోకి అసలైన ప్రవేశం.

మూడు జాగ్రత్తలు అవసరం. దూరాన్ని రోడ్డు వెంట కాకుండా పటంపై ఉత్తర దక్షిణ దిశలోనే, అంటే అక్షాంశాల మధ్యే తీసుకోవాలి. ఉష్ణమండలంలో కొన్ని రోజుల్లో ఒక బడి దగ్గర నీడ ఉత్తరానికీ మరొక బడి దగ్గర దక్షిణానికీ పడవచ్చు, అప్పుడు కోణాలను తీసివేయకుండా కూడాలి. ఇక నీడ కొన మసకగా ఉందని పిల్లలు ఫిర్యాదు చేస్తారు. సూర్యుడు బిందువు కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం కావడమే దానికి కారణమని, మసక భాగం మధ్యలో గుర్తు పెట్టమని చెప్పాలి.

ఆ మసక నుంచే మరో ప్రయోగం పుడుతుంది. అట్టకు సూదితో చిన్న రంధ్రం చేసి, దాని గుండా వచ్చే వెలుగును రెండు మీటర్ల దూరంలో తెల్ల కాగితంపై పడనిస్తే సుమారు 18.7 మిల్లీమీటర్ల సూర్యబింబం ఏర్పడుతుంది. రెండు మీటర్లను ఆ వ్యాసంతో భాగిస్తే వచ్చే సుమారు 107 అన్న సంఖ్య, సూర్యుడి దూరానికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి. దూరం 14.96 కోట్ల కిలోమీటర్లని చెబితే, వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లని విద్యార్థి తానే తేలుస్తాడు.

సూర్యుడితో చేసే ప్రతి పనికీ వర్తించే నియమం ఇది: రంధ్రం గుండా సూర్యుడి వైపు చూడకూడదు, సూర్యుడికి వీపు పెట్టి కాగితం మీది బింబాన్నే చూడాలి. నేరుగా చూడవలసి వస్తే సూర్యుడిని చూసే కళ్లద్దాలకు ఉన్న ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణానికి తగిన, గీతలు పడని అద్దాలే వాడాలి. ఆ అద్దాలు పెట్టుకుని టెలిస్కోపులోంచో బైనాక్యులర్‌లోంచో ఎప్పుడూ చూడకూడదు, ఎందుకంటే కేంద్రీకృతమైన వెలుగు వాటిని క్షణంలో దాటి కంటిని శాశ్వతంగా దెబ్బతీస్తుంది. ఈ విషయంలో మినహాయింపులు లేవు.

ఐదవ అడుగు: దూరాలను నడిచి తెలుసుకోవడం

పాఠ్యపుస్తకాలలోని సౌరకుటుంబం బొమ్మల్లో గ్రహాల పరిమాణాలూ వాటి మధ్య దూరాలూ ఒకే కొలతలో ఉండవు, ఉండటం సాధ్యం కూడా కాదు. అందుకే మైదానం కావాలి. సూర్యుడిని 14 సెంటీమీటర్ల బంతిగా తీసుకుంటే, అంటే వెయ్యి కోట్ల వంతుకు తగ్గిస్తే, భూమి ఆవగింజంత అవుతుంది, బంతికి 15 మీటర్ల దూరంలో ఉంటుంది. చంద్రుడు ఆ ఆవగింజకు నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్క. ఇంతవరకు మనుషులు వెళ్లినది ఆ నాలుగు సెంటీమీటర్లే. గురుగ్రహం 78 మీటర్ల దూరంలో ఒక గోళీ, నెప్ట్యూన్ 450 మీటర్ల అవతల. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ ఎక్కడ పెట్టాలని అడిగితే పిల్లలు మైదానం చివరను చూపిస్తారు, అది సుమారు 4,000 కిలోమీటర్ల దూరంలో ఉండాలి.

దీనికి ముందు చిన్న పరీక్ష పెట్టవచ్చు. 12 సెంటీమీటర్ల బంతిని భూమిగా ఇచ్చి, సుమారు 3 సెంటీమీటర్ల బంతిని చంద్రుడిగా తగిన దూరంలో పట్టుకోమంటే చాలామంది చేతికందే దూరంలోనే పట్టుకుంటారు. సరైన దూరం భూమి వ్యాసానికి ముప్పై రెట్లు, అంటే మూడున్నర మీటర్లకు పైనే.

ఆరవ అడుగు: రాత్రి ఆకాశం, టెలిస్కోపు

టెలిస్కోపు ఇంత ఆలస్యంగా రావడం ఉద్దేశపూర్వకమే. నెల రోజులు కంటితో చంద్రుడిని చూసినవాడు టెలిస్కోపులో చూసేటప్పుడు ఏం వెతకాలో తెలిసి చూస్తాడు. రాత్రి సమావేశానికి పౌర్ణమి రోజు తగదు, ఎందుకంటే అప్పుడు వెలుగు నిటారుగా పడి చంద్రుడిపై నీడలు కనిపించవు. శుక్లపక్ష అష్టమి ప్రాంతంలో వెలుగుకూ చీకటికీ మధ్య సరిహద్దు వెంబడి బిలాల అంచులు, పర్వతాల నీడలు స్పష్టంగా తెలుస్తాయి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది కనుక ఫోన్లు పక్కన పెట్టించి, ఎర్ర కాగితం చుట్టిన టార్చిలు మాత్రమే వాడాలి.

ఒక టెలిస్కోపుకు పదిహేను మందికి మించితే వరుసలో నిలబడటమే కార్యక్రమమైపోతుంది. వేచి ఉన్నవారికి నక్షత్ర మండలాలను పటంతో పోల్చే పని, బైనాక్యులర్‌తో కృత్తికలను లెక్కపెట్టే పని ఇవ్వాలి. గురుగ్రహం కనిపించే కాలమైతే వరుసగా కొన్ని రాత్రులు దాని పక్కన ఉన్న చుక్కల స్థానాలను గీయించాలి. 1610 జనవరిలో గెలీలియో చేసిన పని అదే. ఆ చుక్కలు స్థానాలు మార్చుకోవడం చూసి అవి గురుగ్రహం చుట్టూ తిరుగుతున్నాయని ఆయన గ్రహించాడు. వాటిలో అయోకు ఒక చుట్టు తిరగడానికి సుమారు 1.8 రోజులు, కాలిస్టోకు దాదాపు 17 రోజులు పడతాయి కాబట్టి మూడు నాలుగు రాత్రుల్లోనే మార్పు కనిపిస్తుంది. స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏ రాత్రి ఏది ఎక్కడ ఉంటుందో ముందే చూసుకోవచ్చు.

మబ్బులు పట్టే రాత్రికి మరో పాఠం సిద్ధంగా లేకపోతే ఏమవుతుందో నేను ఒకసారి అనుభవించాను. నలభై మంది పిల్లలు రెండు గంటలు ఊరికే కూర్చుని వెళ్లిపోయారు, తర్వాతి వారం సగం మందే వచ్చారు. అప్పటినుంచి ప్రతి రాత్రి సమావేశానికీ లోపల చేసే పని ఒకటి తప్పనిసరిగా సిద్ధం చేస్తున్నాను.

ఏడవ అడుగు: రాకెట్టు, కక్ష్య, తేలడం

ప్లాస్టిక్ సీసాలో కొంత నీరు పోసి, పంపుతో గాలి ఎక్కించి ఎగరేసే నీటి రాకెట్టు పిల్లలకు చాలా ఇష్టం. అయితే దాన్ని ఎగరేసి చప్పట్లు కొట్టడంతో ఆపకూడదు. కోణమానినికి దారం, చిన్న బరువు కట్టి ఎత్తును కొలిచే సాధనాన్ని వారిచేతనే తయారు చేయించాలి. ప్రయోగ స్థలానికి 40 మీటర్ల దూరంలో నిలబడినవారికి రాకెట్టు శిఖరం 35 డిగ్రీల ఎత్తులో కనిపిస్తే, అది సుమారు 28 మీటర్లకు కంటి ఎత్తును కలిపినంత పైకి వెళ్లినట్టు. సీసాలో నీటిని నాలుగో వంతు, మూడో వంతు, సగం చొప్పున మారుస్తూ, పీడనాన్ని మార్చకుండా ప్రయోగించి గ్రాఫు గీస్తే, నీరు మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా ఎత్తు తగ్గుతుందని బయటపడుతుంది. కూల్‌డ్రింక్ సీసాలనే వాడాలి, పీడనాన్ని నాలుగు బార్ల (బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) లోపే ఉంచాలి, కంటికి రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, పొడవాటి తాడుతో దూరం నుంచి విడుదల చేయాలి.

ఆ తర్వాత రెండవ అడుగులోని మూడవ ప్రశ్నకు రావాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది, అక్కడ గురుత్వం భూమి ఉపరితలంపై ఉన్నదానిలో ఇంకా 89 శాతం దాకా ఉంటుంది. మరి వ్యోమగాములు ఎందుకు తేలుతారు? ప్లాస్టిక్ సీసాకు అడుగు భాగంలో రంధ్రం చేసి, మూత తీసి, నీరు నింపితే ధార కారుతుంది. సీసాను ఎత్తు నుంచి వదిలేస్తే, పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. సీసా, నీరు కలిసి పడుతున్నాయి కనుక ఒకదాన్ని మరొకటి నొక్కడం లేదు. కేంద్రం కూడా సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్ల వేగంతో పక్కకు పరుగెత్తుతూ భూమి వైపు పడుతూనే ఉంటుంది, అయితే భూమి వంపు కారణంగా నేలను ఎన్నడూ తాకదు. ఈ ధార ప్రయోగాన్ని మందగమన వీడియోలో తీసి చూపిస్తే ఇక వివరణ దాదాపు అక్కరలేదు.

ఎనిమిదవ అడుగు: నిజమైన పరిశోధనలో పాలుపంచుకోవడం

కొలవడం అలవాటైన పిల్లలను ప్రపంచవ్యాప్తంగా సాగుతున్న పనుల్లో చేర్చవచ్చు. 2007లో మొదలైన గెలాక్సీ జూ ప్రాజెక్టులో నక్షత్రవీధుల చిత్రాలను ఎవరైనా వర్గీకరించవచ్చు. అదే ఏడాది నెదర్లాండ్స్‌కు చెందిన బడి ఉపాధ్యాయురాలు హానీ వాన్ ఆర్కెల్ ఆ చిత్రాల్లో ఎవరూ గుర్తించని ఒక వింత వాయుమేఘాన్ని గమనించారు, ఇప్పుడు అది ఆమె పేరుతోనే ప్రసిద్ధం. ఇంటర్నెట్ తక్కువగా ఉన్నచోట గ్లోబ్ ఎట్ నైట్ అనువైనది. ఒక నక్షత్ర మండలంలో ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో కంటితో చూసి, ఊరి కాంతి కాలుష్యాన్ని అంచనా వేసి పంపడమే అందులోని పని. పెద్ద తరగతుల బృందాలకు అంతర్జాతీయ ఖగోళ అన్వేషణ సహకార సంస్థ గ్రహశకలాలను వెతకడానికి అసలైన టెలిస్కోపు చిత్రాలను ఇస్తుంది. అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములతో అమెచ్యూర్ రేడియో ద్వారా మాట్లాడే అవకాశాన్ని ఆరిస్ కార్యక్రమం కల్పిస్తుంది. కేంద్రం ఒక ప్రదేశానికి కనిపించేది సుమారు పది నిమిషాలే కాబట్టి ప్రశ్నలను ముందే ఎంచి, సెకన్ల లెక్కన అభ్యాసం చేయించాలి. దరఖాస్తు నెలల ముందే పెట్టాలి.

ఒక పెద్ద బహిరంగ ప్రదర్శన చేయాలనుకుంటే అక్టోబరు 4 నుంచి 10 వరకు జరిగే ప్రపంచ అంతరిక్ష వారం తగిన సమయం. 1957లో మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్-1 ప్రయోగం జరిగిన తేదీ, 1967లో అంతరిక్ష వినియోగంపై దేశాల మధ్య కుదిరిన బాహ్యాంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చిన తేదీ ఆ వారానికి రెండు హద్దులు.

శాస్త్రవేత్తను ఆహ్వానించడం కూడా ఈ దశలోనే మంచిది. పిల్లల నోటు పుస్తకాల్లోని ప్రశ్నలను వారం ముందే పంపి, ఇరవై నిమిషాలు మాట్లాడి మిగతా సమయమంతా ప్రశ్నలకు కేటాయించమని కోరాలి. వెల్డింగ్ చేసేవారు, సాఫ్ట్‌వేర్ రాసేవారు, వాతావరణ సమాచారాన్ని విశ్లేషించేవారు కూడా అంతరిక్ష రంగంలో ఉంటారని పిల్లలకు తెలియాలి. చూపు లేని విద్యార్థులు ఉంటే, గ్రాఫులను ధ్వనిగా మార్చి పరిశోధన చేసే ఖగోళ శాస్త్రవేత్త వాండా డియాజ్ మెర్సెడ్ గురించి చెప్పాలి. చూపు కోల్పోయిన తర్వాత కూడా ఆమె తన పరిశోధనను కొనసాగించారు. తడిమి తెలుసుకునే చంద్రుడి నమూనాను మట్టితో తోటి పిల్లలే చేయవచ్చు.

చివరి అడుగు: ఏం మిగిలిందో పరిశీలించడం

కార్యక్రమం బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, దానివల్ల నిర్వాహకులకు తెలిసేదేమీ లేదు. పన్నెండవ వారంలో మొదటి రోజు నాటి నాలుగు ప్రశ్నలనే మళ్లీ ఇచ్చి, పాత కాగితాన్ని పక్కన పెట్టి, తన సమాధానంలో ఏం మారిందో, ఏ పరిశీలన వల్ల మారిందో విద్యార్థినే రాయమనాలి. మూడు నెలల తర్వాత మరోసారి అవే ప్రశ్నలు అడగాలి. అప్పుడు మళ్లీ భూమి నీడ అన్న సమాధానం ఎక్కువగా వస్తే బంతితో చేసిన పాఠాన్ని సరిదిద్దుకోవాలి, లోపం పిల్లలది కాదు.

ముగింపు సమావేశాన్ని పెద్దల ప్రసంగాలతో నింపకుండా, ఈ విద్యార్థులే చిన్న తరగతుల పిల్లలకు కర్ర నీడను, సీసా ధారను, ఆవగింజ భూమిని చూపించేలా ఏర్పాటు చేయాలి. ఆ రోజును అమావాస్యకు రెండు మూడు రోజుల తర్వాత పెట్టుకుంటే, సాయంత్రం అందరూ కలిసి పడమర వైపు నెలవంకను చూసి, చిన్న పిల్లల చేతికి ఖాళీ దినచర్య పుస్తకాలు ఇచ్చి, వారి మొదటి నమోదును అక్కడే చేయించవచ్చు.